ఇంటికి మూడు సెంట్లు

బసవరాజప్ప సావుకారు తనను అడగకుండా ఎడమకాలి చెప్పు కూడా తొడుక్కోడని ఏసేపు చెప్పేవాడు.

ఒకసారి చెప్పి ఊరుకుంటే పోయేది. ఓర్వకల్లు దాటినాక రోడ్డు పక్కనున్న గుడిసెల్లో పొద్దున చెప్పాడు. గుట్ట మీద బండలు కొడుతూ మధ్యాహ్నం చెప్పాడు. బస్సు ఆగేచోట సాయంత్రం చెప్పాడు. వినేవాళ్ళు దొరకనప్పుడు మేకలకు చెప్పాడు.

"మొన్న గూడా పిలిపించినాడు. 'ఏసేపూ, ఆ రోడ్డు పక్క నేల ఏం చేద్దామంటావురా?' అని అడిగినాడు. 'ఏమీ చేయొద్దుప్పా, గుడిసెలు ఉండనీ పాపం' అన్నా. 'నువ్వు చెప్పినాక ఇంగేముండాది' అన్నాడు. నాకి కాఫీ తెప్పించినాడు. ఆయనకు తెప్పించుకోలే, నాకొక్కనికే."

ఏసేపుకు ఇరవై రెండేళ్ళు. గొంతు గుట్ట అవతలికి వినబడుతుంది. మనిషి మాత్రం గుట్ట ఇవతల కూడా పెద్దగా కనబడడు. చిన్నప్పుడే అమ్మానాయనా పోతే అక్క విశ్వాసమ్మ సాకింది. తమ్ముడి మాటల్లో నూటికి తొంభై అబద్ధాలని ఆమెకు తెలుసు. కానీ కాఫీ సంగతి దాకా వచ్చేసరికి, అబద్ధమాడేవాడు ఇంత వివరంగా ఎందుకు చెబుతాడులే అనుకుని, ఈ ఒక్కదాన్నీ మిగతా పదిలో వేసుకుంది. సావుకారే ఉండమన్నాక భయమెందుకని, మొగుడు శాంతయ్యతో కలిసి గుడిసె చుట్టూ రాతిగోడ ఎత్తింది. రాళ్ళన్నీ గుట్ట మీద నుంచి నెత్తిన పెట్టుకుని మోసింది. మోసీ మోసీ ఆమె ఎత్తు తగ్గిందనీ, ఇంకొక్క వరస ఎత్తివుంటే తన భుజం దాకా దిగేదనీ ఏసేపు చెప్పేవాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడది. ఆఫీసులకు ఇళ్ళు చాలక డేరాలు వేశారు. డేరాల కింద గుమాస్తాలు, గుమాస్తాల మీద దుమ్ము. ఊళ్ళో బాడిగిళ్ళకు ఎంత కరువంటే, ఒక గుమాస్తా కొండారెడ్డి బురుజు మీది పావురాలను చూసి, 'ఇవి ఎప్పుడు ఖాళీ చేస్తాయి?' అని అడిగాడట. కట్టేవాళ్ళు ఎక్కువై, ఓర్వకల్లు గుట్టల్లో బండలు కొట్టేవాళ్ళకు చేతినిండా పని దొరికింది. అంత జనం చేరితే బజ్జీలు తినకుండా ఉండరు. బజ్జీలకు నూనె కావాలి. నూనెకు బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఆడించే మిల్లు కావాలి. మిల్లుకు రోడ్డు పక్కన జాగా కావాలి.

ఆ జాగా కోసమే ఒక పొద్దున నల్లకారు ఒకటి వచ్చి గుడిసెల ముందర ఆగింది. అప్పుడు ఏసేపు, అక్క కట్టిన గోడ మీద కూర్చుని, కాఫీలో సావుకారు తనకు రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేయించిన సంగతి పక్కింటి సుంకమ్మవ్వకు చెబుతున్నాడు. కారు దిగినాయన తెల్లపంచె, నుదుట విభూతి. నేరుగా ఏసేపు దగ్గరికి వచ్చాడు.

"ఏం పిల్లోడా, ఎవరిది ఈ మేక? పక్కకు తోలు."

ఏసేపు మేకను తోలాడు.

"నీ పేరేంది?"

"ఏసేపప్పా."

"యాడుంటావు?"

"ఈడే."

"ఎప్పుడూ చూసినట్ల లేదే," అన్నాడు బసవరాజప్ప సావుకారు.

సుంకమ్మవ్వ నోట్లో ఉన్న ఆకువక్క అట్లాగే ఆగింది. గుడిసె వాకిట్లో నిలబడిన విశ్వాసమ్మ చేతిలో చేట ఉండింది. ఆమె దాన్ని చాలా నెమ్మదిగా కింద పెట్టింది.

"ఈడ బుడ్డల మిల్లు వస్తాది," అన్నాడు సావుకారు అందరికీ వినబడేటట్టు. "బిన్నే భూమిపూజ పెట్టుకుంటాండా. ఆ లోపల గుడిసెలు ఎత్తుకోండి. ఈ గోడ ఎవరిది? శానా గట్టిగా కట్టినారు. ఈ రాళ్ళు పునాదికి బాగుంటాయి."

కారు పోయింది. దుమ్ము లేచింది, దుమ్ము దిగింది. విశ్వాసమ్మ తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"ఏంరా, కాఫీలో చక్కెర సరిపోయిందా?"

ఆ తర్వాత రెండు పూటలు ఆమె అతనికి సంగటి పెట్టింది గానీ మాట పెట్టలేదు. తిట్టివుంటే బాగుండేది. ఆమె తిట్లకు అతను చిన్నప్పట్నుంచీ అలవాటుపడి ఉన్నాడు, అవి లేకపోతే సంగటి గొంతు దిగదు. గోడ వైపు చూస్తే, ప్రతి రాయీ తన అబద్ధం మీదనే కూర్చున్నట్టు అనిపించేది.

కొత్త మిషను పెట్టాలంటే పంచాయతీ ఒప్పుకోవాలి. పంచాయతీ అంటే ప్రెసిడెంటు పెద్ద ఈరన్న. ఆయన మాట్లాడేది తక్కువ. ఏడాదికి ఒకసారి మాట్లాడి, అది వచ్చే ఏడాది దాకా సరిపెట్టుకుంటాడని ఏసేపు అనేవాడు. సావుకారు కాగితాలు పట్టుకుని వెళితే, గుడిసెలవాళ్ళంతా కూడా వెళ్ళి పంచాయతీ వాకిట్లో నిలబడ్డారు.

"మిల్లు పెట్టుకో సావుకారా, ఊరికి మంచిదే," అన్నాడు పెద్ద ఈరన్న. "మరి వీళ్ళు యాడికి పోవాల?"

"అది నా పనా అప్పా?"

"మిషనుకు సంతకం పెట్టేది మాత్రం నా పనా?"

సావుకారు కండువా సర్దుకున్నాడు.

"గుట్ట పక్కన నీకు చేను ఉండాది కదా," అన్నాడు పెద్ద ఈరన్న. "దాంట్లో రోంత వీళ్ళకు ఇడిచిపెట్టు. రోడ్డు పక్కది నువ్వు తీసుకో. ఇండ్లు ఒక దిక్కు, మిల్లు ఒక దిక్కు."

"అది మా తాత సంపాదించిన చేను."

"దాంట్లో కొర్ర గూడా మొలవదు గదప్పా."

"మొలవకపోయినా నేల నేలే గదా."

"అందుకే అడుగుతాండేది. నేల కాకపోతే ఎవరడుగుతారు?"

"చూద్దాం," అన్నాడు సావుకారు.

ఆ సీమలో 'చూద్దాం' అంటే ఇక చూడనవసరం లేదని అర్థం. గుడిసెలవాళ్ళు తిరిగొచ్చి తట్టలూ బుట్టలూ లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. సావుకారు వేరే దారి వెతుక్కున్నాడు. భూమిపూజకు కర్నూలు నుంచి ఒక పెద్ద ఆఫీసరును పిలిచాడు. ఆఫీసరు ఒక్కమాట చెబితే పెద్ద ఈరన్న చెయ్యి దానంతటదే సంతకం పెడుతుందని ఆయన లెక్క. గుడిసెల జనాన్ని కూడా పూజకు పిలిచి చేతిలో ఏదో ఒకటి పెడితే మెత్తబడతారని ఇంకో లెక్క.

ఊళ్ళో చాటింపు వేసే గోపన్న ఆత్మకూరుకు పెండ్లికి పోయాడు. పెద్ద గొంతు ఉన్నవాడెవడని సావుకారు అడిగితే ఎవరో ఏసేపు పేరు చెప్పారు. ఆ విధంగా, అన్నన్ని రోజులు చెప్పుకున్నాక, సావుకారు నిజంగానే ఏసేపును పిలిపించాడు. కాఫీ మాత్రం ఇవ్వలేదు.

సావుకారు ఇంటి అరుగు మీద ఒక చెక్కపెట్టె ఉంది. దాని వాసన వీధి మలుపు దగ్గరే మనిషిని ముక్కు పట్టుకుని లాక్కొచ్చింది. లోపల వేలెడంత గాజు బుడ్లు, గడ్డిలో పొదిగిన గుడ్లలా వరసగా ఉన్నాయి.

"అత్తరా అప్పా?"

"అత్తరనేది ముసిలోళ్ళ మాటరా," అన్నాడు సావుకారు. "రాజధానిలో అందరూ ఇప్పుడు సెంటు అనే అంటాండారు. మా బావమరిదికి అంగడి ఉండాది. అమ్ముడుపోక మిగిలినాయి. గులాబి ఒకటి, మల్లె ఒకటి, మొగలి ఒకటి, ఇంటికి మూడు ఇద్దాం. పాపం, ఆడోళ్ళు సంతోషపడతారు."

"ఏమని చాటాలప్పా?"

"గురువారం భూమిపూజ. పెద్ద దొర వస్తాండాడు. అందరూ రావాల. వచ్చినోళ్ళకు సావుకారు ఇంటికి మూడు సెంట్లు దానం చేస్తాడు. అంతే."

ఏసేపు ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పుకున్నాడు.

"ఇంటికి మూడు సెంట్లు. ఇంతే చెప్పాల్నా?"

"ఇంతే. ఒక్క మాట ఎక్కువ చెప్పొద్దు. నువ్వు శానా ఎక్కువ చెప్తావని ఊరంతా అంటాండారు."

"ఒక్క మాట గూడా చెప్పనప్పా," అన్నాడు ఏసేపు. తప్పెట భుజాన వేసుకుని బయలుదేరాడు.

తను పుట్టిన తర్వాత మొదటిసారి, విన్నది విన్నట్టు చెప్పడానికి పోతున్నాడు. నాలుక అలవాటు లేక బరువుగా తోచింది. గుడిసెల మధ్యకు చేరి తప్పెట మీద కొట్టాడు. కుక్కలు లేచాయి. జనం బయటికొచ్చారు.

"వినండప్పా వినండి! గురువారం పొద్దున రోడ్డు పక్కన భూమిపూజ! పెద్ద దొర వస్తాండాడు! వచ్చినోళ్ళకు బసవరాజప్ప సావుకారు ఇంటికి మూడు సెంట్లు దానం చేస్తాడు!"

కర్నూలు సీమలో వాసనకు అత్తరు అనే పేరు. నవాబుల కాలం నుంచీ అదే పేరు. అక్కడ సెంటు అంటే నేల, ఎకరాకు నూరు. సెంటుకు ఇంకో అర్థం ఉందని ఆ గుడిసెల్లో తెలిసినవాడు ఒక్కడే. వాడు తప్పెట పట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

"మూడు సెంట్లా?" అంది సుంకమ్మవ్వ.

"మూడు సెంట్లే అవ్వా."

"అబద్ధమాడతాండావు."

"సావుకారు నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్ల చెప్తాండా. ఒక్క మాట ఎక్కువ చెప్పొద్దన్నాడు, చెప్పలే."

సుంకమ్మవ్వ చాలాసేపు ఆలోచించింది. "నిజమేనేమోనే," అంది చివరికి విశ్వాసమ్మతో. "వీడు సొంతంగా చెప్పుంటే ముప్పై సెంట్లు అనేవాడు. బావి గూడా తవ్విస్తాడని చెప్పేవాడు. మూడే అన్నాడంటే అది నిజమే."

ఆ లెక్కను కాదనేవాళ్ళు ఎవరూ లేరు. ఏ నేలలో మూడు సెంట్లో ఎవరూ అడగనక్కర లేదు. పెద్ద ఈరన్న పంచాయతీలో గుట్ట పక్క చేను అని చెప్పింది అందరూ విన్నదే. విశ్వాసమ్మ మాత్రం తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పింది.

"నా మొగం చూసి చెప్పు."

"మూడు సెంట్లు అన్నాడక్కా. ఏసుప్రభు మీద ఒట్టు, అదే మాట అన్నాడు."

ఒట్టు నిజమైనదే. అందుకే అతనికి ఇంకా భయం వేసింది. అక్కడితో ఆగిపోయివుంటే అతని వైపు న్యాయం ఉండేది. కానీ చివరి గుడిసె దాటుతుండగా, వెనక నవ్వులూ కేకలూ విని, ఏసేపు నాలుక తన పాత పనికి తిరిగొచ్చింది. తప్పెట మీద ఇంకో దెబ్బ వేశాడు.

"కొలుచుకునేదానికి ఎవరి తాడు వాళ్ళే తెచ్చుకోవాల!"

ఆ ఒక్క మాట ఎక్కువైంది.

గురువారం నాడు ఓర్వకల్లు చుట్టుపక్కల కట్టేసివున్న పశువు ఒక్కటీ లేదు. తాళ్ళన్నీ భూమిపూజకు వచ్చాయి. బావి చేంతాళ్ళు వచ్చాయి, పగ్గాలు వచ్చాయి, మంచాల నులక వచ్చింది. ఒక ఆమె ఊయల తాడు విప్పి, బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఏమీ దొరకని ఒకాయన మొలతాడు విప్పి చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పంచె పట్టుకుని వచ్చాడు.

షామియానా కింద ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. కృష్ణ ఒడ్డునుంచి వచ్చిన మనిషి. 'అండీ' చేర్చకుండా దగ్గడు కూడా. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఈ ఊళ్ళో చెట్లు ఎక్కడ దాచారని అడుగుతున్నాడు. పక్కన సావుకారు, ఆ పక్కన సెంటు పెట్టె. అప్పుడే రోడ్డు మలుపు తిరిగి, తాళ్ళు పట్టుకున్న జనం నేరుగా సావుకారు మీదికి వస్తూ కనబడ్డారు. ఇంతమంది ఇన్ని తాళ్ళతో రావడానికి సావుకారుకు ఒకటే కారణం తోచింది. ముఖాన విభూతి ఎక్కడ ఆగి ముఖం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది.

"ఈ తాళ్ళేమిటండీ?" అన్నాడు ఆఫీసరు.

సుంకమ్మవ్వ ముందుకొచ్చి దండం పెట్టింది. "సామీ, ఈ మిల్లు కోసరం మా గుడిసెలు పోతాండాయి. దానికి మారు సావుకారు మాకి ఇంటికి మూడు సెంట్లు దానం చేస్తాండాడు. కొలుచుకోను తెచ్చుకున్నాము."

ఆఫీసరు రుమాలు తీసేశాడు. లేచి నిలబడ్డాడు.

"ఇంటికి మూడు సెంట్లా! ఏమండీ బసవరాజప్పగారూ, కారులో ఇంత దూరం వచ్చాం, నాతో ఒక్క మాటైనా అనలేదే!"

"అది... సెంటు అంటే దొరా..."

"నాకు తెలియదాండీ? భూదానం, భూదానం అని ఊరూరా తిరిగి కాళ్ళు అరిగిపోతున్నాయి. అడిగినా కదలరు జనం. మీరు అడక్కుండానే!"

"ఈ పెట్టెలో ఉండేవి..." అన్నాడు సావుకారు, వేలితో పెట్టె చూపిస్తూ.

"పట్టాలు కూడా పెట్టెలో పెట్టి తెచ్చేశారా!"

ఆఫీసరు తన మెడలోని బంతిపూల దండ తీసి సావుకారు మెడలో వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. చేతిలో తాళ్ళుండడం వల్ల ఆ చప్పట్లు పశువులు తోక ఆడించినట్టు వినబడ్డాయి. షామియానా గుంజ వెనక ఏసేపు ఎంత చిన్నగా నిలబడ్డాడంటే, గుంజకు నీడ కూడా అతనికన్నా లావుగా పడింది.

"ఎప్పుడు రాసిస్తావు సావుకారా?" అని అడిగాడు పెద్ద ఈరన్న. "ఆ పొద్దే నీ మిషనుకు సంతకం పెడతా."

సావుకారు కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోటితో గుట్ట వైపు చూశాడు. సుంకమ్మవ్వ అప్పుడే చేనులోకి పోయి, చేతికర్రతో నేల మీద గీస్తోంది. "ఈడ పొయ్యి. ఈడ నీళ్ళ కుండ. తలాకిలి తూర్పుకే ఉండాల," అని గాలితో చెబుతోంది. పొయ్యి ముందర కూర్చుని, పొగ రాకుండా ముఖం పక్కకు కూడా తిప్పుకుంది.

సావుకారు నోరు మూసుకున్నాడు. తర్వాత తెరిచి, "వచ్చే గురువారం," అన్నాడు.

పెట్టెను ఏం చేయాలో తెలియక, పంచెయ్యమని ఏసేపుకు సైగ చేశాడు. జనం ఆ బుడ్లను నేల మీద కొసరు అనుకుని తీసుకున్నారు, చివరికి రెండు తక్కువ వచ్చాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ గుడిసెల్లో పిడకలు గులాబి వాసన, సంగటి మల్లె వాసన. శాంతయ్య కొట్టిన బండ కర్నూలు చేరినాక, మేస్త్రీ దాన్ని మూడుసార్లు వాసన చూసి పూజగదికి కేటాయించాడట. మొగలి పూసుకున్న మేకపోతును చూసి మిగతా మేకలు దారి ఇచ్చేవట.

ఇవి చెప్పడానికి మామూలుగా ఏసేపు ఊరంతా తిరిగేవాడు. ఈసారి తిరగలేదు. సావుకారు కర్నూలుకు పోయాడనీ, వకీలును కలిశాడనీ ఎవరో చెప్పారు. సంతకం తప్పించుకోవడానికేనని ఏసేపుకు తోచింది. ఇంటికొస్తే అక్క గోడ విప్పుతోంది.

"ఏం చేస్తాండావక్కా?"

"కనపడలేదా? రాళ్ళు ఆడికి మోస్తాండా. గురువారం దాకా కూచుంటే సావుకారు పునాదిలోకి పోతాయి."

"రోంత ఆగక్కా."

"యాటికి?"

ఎందుకాగాలో చెప్పలేక, ఏసేపు ఒక రాయి నెత్తిన పెట్టుకున్నాడు. ఆమె ముందర, అతను వెనక. సావుకారు సంతకం పెట్టకపోతే ఈ గోడ రోడ్డు పక్కా ఉండదు, గుట్ట పక్కా ఉండదు. తన అక్క ఇంత రాయి రెండుసార్లు మోసి ఆకాశం కింద పడుకుంటుంది. అడుగడుగునా చెప్పేద్దామనిపించేది. చెబితే ఆమె నడక ఆగిపోతుంది. ఆ వారం ఆమె సన్నగా ఏదో కీర్తన పాడుకుంటూ నడిచింది. పాట వింటూ వెనక నడవడం కన్నా తిట్లు తినడం తేలికని అతనికి అప్పుడు తెలిసింది.

గురువారం వచ్చింది. కరణం గొలుసు పట్టి కొలిచాడు. మేకులు కొట్టారు. ఎవరి మేకు దగ్గర వాళ్ళు, బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడ్డారు. సావుకారు కారు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా, విశ్వాసమ్మ మోసుకొచ్చిన రాళ్ళ కుప్ప మీద కూర్చున్నాడు. కరణం దానపత్రం చదివి వినిపించాడు. ఏసేపు కళ్ళు మూసుకున్నాడు. కలం కాగితం మీద గీరిన చప్పుడు అతనికి బండ మీద సుత్తి పడినట్టు వినబడింది. కళ్ళు తెరిచేసరికి కాగితం పెద్ద ఈరన్న చేతిలో ఉంది. ఆయన తన కాగితం మీద తన సంతకం పెడుతున్నాడు.

విశ్వాసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సుంకమ్మవ్వ సావుకారు కాళ్ళకు మొక్కబోతే ఆయన జరిగాడు.

"వద్దవ్వా, వద్దు. ఏసేపూ, ఇట్ల రా."

పేరు పెట్టి పిలిచాడు. ఏసేపు పోయి నిలబడ్డాడు.

"నేను సెంటు అన్నా. నువ్వు సెంటు అనే చాటినావు. దాంట్లో నీది తప్పు పట్టేదానికి లేదు. ఆ దినం కాదని చెప్దామనే నోరు తెరిచినా. ఆ ముసలామె అప్పటికే పొయ్యి గీసేసింది. గీసిన పొయ్యిని చెరపమని యాడ చెప్పేది? సంతకం పెట్టినా, మిల్లూ వస్తాండాది, మీ వాళ్ళకు దాంట్లో పనీ దొరుకుతాది, ఇంగ దాని మాట అయిపోయింది." సావుకారు ముందుకు వంగాడు. "నాకి ఒక్కటే తెలియాల. వారం నుంచి అదే ఆలోచిస్తాండా. సెంటు పూసుకునేదానికి తాడు యాటికిరా?"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పూసుకోవడమేమిటో వాళ్ళకు ఇంకా అందలేదు.

"గాలికి అప్పా," అన్నాడు ఏసేపు. "నా గొంతు దూరం పోతాదని, మధ్యలో గాలి..."

"గాలి తాడు తెమ్మన్నదా?"

"తప్పెట సప్పుడుకు నేను 'తోడు' తెచ్చుకోండి అంటే వాళ్ళకు 'తాడు' అని..."

"ఎవరి తాడు వాళ్ళే, కొలుచుకునేదానికి," అన్నాడు మొలతాడు తెచ్చినాయన నిష్కల్మషంగా. "నేను దగ్గరే ఉండి విన్నా సావుకారా. శానా స్పష్టంగా చెప్పినాడు."

"బుడ్లు కట్టుకోని పోయేదానికి అనుకుని..."

"ఏసేపూ," అంది విశ్వాసమ్మ. గొంతు పెంచలేదు.

ఏసేపు నాలుక చివరికి ఇంకో మూడు అబద్ధాలు వచ్చి వరసలో నిలబడ్డాయి. ఒకటి చాలా బాగుంది. దాంట్లో ఒక దెయ్యం, రెండు ఎద్దులు ఉన్నాయి. అతను వాటిని పోనిచ్చాడు.

"నేనేప్పా," అన్నాడు. "తాడు మాట నాదే. ఆ మాటొక్కటే కాదు, అంతా నాదే. నువ్వు సెంటు అన్నప్పుడే నాకి తెలుసు, నువ్వనేది అత్తరు, మావోళ్ళు నేల అనుకుంటారు అని. తెలిసే చాటినా. కావాలనే చాటినా. కాఫీ గూడా అబద్ధమే. నువ్వు నాకి ఎప్పుడూ కాఫీ ఇవ్వలే. ఇచ్చినావని నేను చెప్తే మా అక్క నమ్మి గోడ కట్టింది. ఆ గోడ పోతాంటే చూడలేక చాటినా."

సావుకారు ముఖంలో ఏముందో ఏసేపు చూడలేదు. మేకు వైపు చూస్తూ నిలబడ్డాడు. కానీ నిజం అతనికి కొత్త. ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"పెట్టెలో రెండు బుడ్లు తక్కువ వచ్చినాయి గదప్పా," అన్నాడు. "అవి గూడా నేనే. మల్లె."